పల్లెబడిలో కథ: చదువుట వేరు, గ్రహించుట వేరు

శతవార్షికోత్సవ సంచిక సంపాదకవర్గమువారు మన పాఠశాలల చరిత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయవలసినదిగా మమ్ములను కోరిరి. పాఠశాలల చరిత్ర యనగానే ఏ దొరగారు ఏ సంవత్సరమున పునాదిరాయి వేసిరి, ఏ దొరసానమ్మగారు ఎన్ని గదులు కట్టించిరి, ఎవరెవరు ప్రధానోపాధ్యాయులుగా నుండిరి అను పట్టిక మన కన్నుల యెదుట నిలుచును. అట్టి పట్టికలు ఈ సంచికలోనే వేరు పుటలలో వచ్చుచున్నవని వింటిమి. కనుక మేము ఆ దారి విడిచి, ఆ గదులలో పిల్లవాడు పుస్తకము తెరచినప్పుడు ఏమి జరిగెను, ఏమి జరుగలేదు అనుదానిని గూర్చి వ్రాయ తలంచితిమి. ఉపాధ్యాయుడు నోట చెప్పిన కథకును, పిల్లవాడు కంట చదివి గ్రహించుటకును గల సంబంధమే మా విషయము.

ఇది మా మనస్సున పడుటకు ఒక ఆదివారము కారణము. మేము గురుపట్టము పొంది మొదటి పాస్టరేటుకు వచ్చిన యేడు. ఆనాటి సువార్త పాఠము లూకా 15వ అధ్యాయము, తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానము. అయిదవ తరగతి చదువుచున్న ఒక పిల్లవానిని చదువుమంటిమి. వాని యింటివారు మేకలు కాచి బ్రదుకువారు. వాడు ఒక్క వత్తు తప్పక, ఒక్కచోట ఆగక, గంట కొట్టినట్లు చదివెను. సంఘమంతయు మురిసిపోయెను. వెనుక వరుసలో వాని తల్లి కొంగుతో కండ్లు ఒత్తుకొనెను. ఆరాధన ముగిసిన తరువాత మెట్లమీద వానిని పిలిచి, "ఏరా, ఆ మనిషి ఎన్ని గొఱ్ఱెలను విడిచి వెళ్ళినాడు?" అని అడిగితిమి. వాడు మా ముఖము చూచి ఊరకుండెను. "ఎందుకు వెళ్ళినాడు?" అంటిమి. అప్పుడు వాడు మెల్లగా, "అయ్యగారూ, చదవమన్నారు గానండీ, చెప్పమనలేదు గదండీ" అనెను.

వాని తప్పేమి? వానికి చదువనగా శబ్దము చేయుట. పుస్తకములోని గీతలను నోటిలోని ధ్వనిగా మార్చుట వరకు బడి వానికి నేర్పినది, వాడు నేర్చుకొన్నాడు. మేము ఆ మెట్లమీదనే కూర్చుండి ఆ కథను మరల చెప్పితిమి, ఈసారి మా మాటలలో. పొద్దు గూకినది, మందను దొడ్డికి తోలినాడు, వ్రేళ్ళతో లెక్కపెట్టినాడు, ఒకటి తక్కువైనది. వాని కండ్లు మెరిసినవి. కథ సగములో ఉండగానే వాడు అడ్డము వచ్చి, "మరి ఆ తొంబైతొమ్మిదింటినీ ఎవరికి అప్పజెప్పి ఎల్లాడండీ? తోడేళ్ళు రావూ?" అనెను. వేదాంత కళాశాలలో ఈ అధ్యాయమునకు వ్యాఖ్యానములు తిరగవేసి పరీక్ష వ్రాసిన మాకు ఆ ప్రశ్న ఎన్నడును తోచలేదు. గ్రీకు క్రియాపదముల కాలములు తెలియును గాని, అడవిలో విడువబడిన తొంబదితొమ్మిదింటి భయము మాకు తెలియలేదు. ఆ పిల్లవాడు కొద్ది నిమిషముల క్రితము అదే వాక్యమును సంఘము యెదుట చదివినవాడే. చదివినప్పుడు రాని ప్రశ్న విన్నప్పుడు ఎట్లు వచ్చెను? ఆనాటినుండి మేము పాత పుస్తకములు, నివేదికలు వెదకుట ప్రారంభించితిమి.

ఈ జబ్బు క్రొత్తది కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో దేశీయ పాఠశాలల స్థితిని విచారింపుమని కలెక్టర్లకు ఆజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు ఆ నివేదికలన్నిటిలో ప్రసిద్ధమైనది. ఈయన తెలుగు తెలిసిన దొర. 1816లోనే తెలుగు వ్యాకరణమును అచ్చు వేయించినవాడు. తన జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చూపెను. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుట, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించుట మొదలైన పద్ధతులను ఆయన మెచ్చుకొనెను. వాటి పొదుపునకు ఆశ్చర్యపడెను. అయితే అసలు లోపమును కూడ ఆయన పట్టుకొనెను. పిల్లలకు చెప్పు గ్రంథములు పద్యములు. ఆ పద్యముల భాష ఇంట మాటలాడు భాష కాదు. కనుక బాలుడు వందల పద్యములు అప్పజెప్పును గాని, వాటి అర్థము చిలుకకు తెలిసినంతయే వానికిని తెలియునని ఆయన అభిప్రాయము. పంతులుకే అర్థము తెలియనిచోట పిల్లవాని గతి చెప్పనేల? మన ఆదివారపు పిల్లవాడు ఆ వీధిబడి పిల్లవానికి మునిమనుమడే.

1832లో బాలశిక్ష అచ్చైనది. అదియే పెరిగి పెద్ద బాలశిక్షయై ఇంటింటికి చేరినది. 1853లో పరవస్తు చిన్నయసూరిగారు నీతిచంద్రికను వెలువరించిరి. అది కథల పుస్తకమే. హిరణ్యకుడు, చిత్రగ్రీవుడు, దమనకుడు పిల్లలకు ఎంతో ఇష్టులు కావలసినవారు. కాని ఆ కథలకు తొడిగిన భాష మహాగంభీరము. తరతరముల విద్యార్థులు నక్క చేసిన మోసమును గ్రహించుటకు ముందు అర్థానుస్వారములతోను, సంధులతోను కుస్తీ పట్టవలసి వచ్చెను. అందులో కథ కలదు గాని, పల్లెపిల్లవానికి దాని తలుపు గట్టిగా మూయబడి యుండెను. సూరిగారిని తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. అట్టి వచనము వ్రాయగలవారు అరుదు. అది పదేండ్ల బిడ్డకు మొదటి మెట్టు కానేరదని మాత్రమే మేము చెప్పుట.

ఇక మిషనెరీల కాలమునకు వత్తము. 1842లో ఫాదర్ హయ్యరుగారు గుంటూరు చేరిరి. 1841లో మచిలీపట్నమున దిగిన రాబర్ట్ నోబుల్‌గారు 1843లో పాఠశాల తెరచిరి. ఇవి పట్టణముల సంగతులు. పల్లెబడి యనునది విస్తారముగా పుట్టినది 1870 దశకమునుండి, మాలపల్లెలు, మాదిగపల్లెలు గుంపులుగా సంఘములో చేరినప్పుడు. అంతవరకు బడి గడప త్రొక్కనియ్యబడని బిడ్డలకు తాటాకు పాకలో ఒక బడి ఏర్పడెను. పగలు కూలికి పోవువారికి రాత్రి లాంతరు వెలుగున బడి. ఉపదేశియే పంతులు, పంతులే ఉపదేశి. ఇది చిన్న సంగతి కాదు. అక్షరము ఆస్తియైన దేశములో ఆస్తిలేనివారికి అక్షరము దొరికెను. మా తాతగారు తన పేరు తాను వ్రాసికొన్న నాటి పలకను చాలకాలము గోడకు తగిలించుకొని యుండిరట.

అయినను ఒక మాట నిజాయితీగా చెప్పవలెను. ఆ బడులు ఏ పుస్తకము కొరకు చదువు నేర్పెనో ఆ పుస్తకము పిల్లవాని ఇంటి భాషలో లేదు. అచ్చు వేదపుస్తకపు తెలుగు పెద్దల తెలుగు. ఈ వ్యాసము వ్రాయుచున్న మేమును ఆ భాషలోనే పెరిగినవారమగుటచేత దానినుండి ఈనాటికిని బయటపడలేకపోవుచున్నాము, చదువరులు క్షమింతురు గాక! అది యటుండగా ప్రభుత్వ గ్రాంటు పద్ధతి మరియొక భారము తెచ్చెను. 19వ శతాబ్దపు ఉత్తరార్ధములో మద్రాసు రాష్ట్రమున ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు విధానము ఉండెను. అధికారి వచ్చి పిల్లల నొక్కొక్కరిని పరీక్షించును. ఉత్తీర్ణులైనవారినిబట్టి బడికి సొమ్ము. పంతులు జీతము పిల్లవాని నోటిలో ఉన్నదన్నమాట. అట్టిచోట ఏ పంతులు కథ చెప్పుచు కూర్చుండును? పుస్తకము కంఠస్థము చేయించుటయే అతనికి క్షేమము. పుస్తకము తలక్రిందులుగా పట్టుకొని పాఠమంతయు చదివిన పిల్లవాని ముచ్చట మా పెద్దలు నవ్వుచు చెప్పుకొనెడివారు. మేమును చిన్ననాడు నవ్వితిమి. ఇప్పుడు నవ్వు రాదు.

భాషవిషయమున గిడుగు వెంకట రామమూర్తిగారి పేరు స్మరింపక ముందుకు పోరాదు. వ్యావహారిక భాషోద్యమము పండితుల వాదముగా నేడు మనకు జ్ఞాపకమున్నది. కాని దాని మూలము తరగతిగదిలో ఉన్నది. ఇన్‌స్పెక్టరుగా నుండిన జె.ఏ. యేట్సు దొర తెలుగు పాఠములు వినుచు, మీరు మాటలాడు తెలుగు ఒకటి, పుస్తకములోని తెలుగు ఒకటి, ఈ భేదమేమని ఉపాధ్యాయులను అడుగుటతో 20వ శతాబ్దపు మొదటి దశాబ్దములో ఆ చర్చ రగిలెను. గిడుగువారు అంతకుముందే పర్లాకిమిడి ప్రాంతపు సవరల భాషను నేర్చుకొని, ఆ భాషలోనే వారి పిల్లలకు వాచకములు, కథలు, పాటలు సిద్ధపరచి, స్వంత ఖర్చుతో బడి నడిపియుండిరి. తన భాష కాని భాషలో బిడ్డకు కథ అర్థము కాదని ఆయన కొండమీద నేర్చుకొని మైదానమునకు దిగి వాదించిరి. మనవారికిని ఇట్టి అనుభవము లేకపోలేదు. గోదావరి తీరమున దుమ్ముగూడెములో చర్చి మిషనెరీ సంఘము వారి జాన్ కెయిన్‌గారు కోయల మధ్య దీర్ఘకాలము పనిచేసి, వారి భాషను, ఆచారములను వ్రాసియుంచి, సువార్తను కోయభాషలోనికి తెచ్చిరి. అయితే సువార్త కోయభాషలో ఉండి, వాచకము తెలుగులో ఉండెను. ఈ చిక్కు ఈనాటికిని ఆ ఏజెన్సీ బడులలో పూర్తిగా విడలేదు.

ఇప్పుడు మేము చాల ప్రియముగా తలంచు ఒక ఘట్టమునకు వచ్చితిమి. 1919-20లో ప్రొటెస్టంటు మిషనుల పక్షమున ఒక విచారణ సంఘము భారతదేశపు పల్లెవిద్యను పరిశీలించెను. సిలోనులోని కాండీ ట్రినిటీ కళాశాల ప్రిన్సిపాలు ఏ.జి. ఫ్రేజరుగారు దానికి అధ్యక్షులు; మన దేశీయ నాయకులలో కె.టి. పాల్‌గారు అందులో సభ్యులు. వారు చెప్పిన చేదు సత్యములలో ఒకటి: పల్లెబడిలో చదివిన బిడ్డలలో అనేకులు బడి విడిచిన కొన్ని యేండ్లకే మరల నిరక్షరాస్యులగుచున్నారు. 1929లో హార్టాగు కమిటీ ఇదే దుస్థితికి ఒక లెక్క కట్టెను. 1922-23లో ఒకటవ తరగతిలో నూరుగురు ఉండగా, 1925-26లో నాలుగవ తరగతికి చేరినవారు 18 మంది. మిగిలిన 82 మందిని గూర్చి మనము పేదరికము, పొలముపని అని సులభముగా చెప్పుదుము. అవి నిజమే. కాని అర్థములేని కేకలు పెట్టుచు ఏడాదికేడాది ఒకే పుట యొద్ద కూర్చుండుటకు ఏ బిడ్డకు మనసగును? కూలికి పోయినచో సాయంకాలమునకు గింజలైనను దొరకును.

ఆ విచారణ సంఘమువారు పంజాబులోని మోగా అను ఊరియందు అమెరికను ప్రెస్బిటేరియను మిషనువారు నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలను ఎంతగానో మెచ్చుకొనిరి. అక్కడ విలియం మెక్కీగారు, తరువాత హార్పర్ దంపతులు పల్లెబిడ్డల జీవితమునే పాఠ్యపుస్తకముగా చేయు పద్ధతిని నిలిపిరి. చదువు నేర్పుటలో వారిది కథా పద్ధతి. మొదట అక్షరమాల కాదు, కథ. ఉపాధ్యాయుడు కథ చెప్పును. పిల్లలు దానిని ఆడి చూపుదురు. తరువాత ఆ కథలోని వాక్యములే బల్లమీదికి వచ్చును. తనకు ముందే తెలిసిన మాటను బిడ్డ అక్షరరూపమున కలిసికొనును. అర్థము ముందు, అక్షరము వెనుక. బండికి ముందు ఎద్దును కట్టుట అంతే! మన దేశపు పల్లెబడి గురువులు ఈ సంగతి నేర్చుకొనుటకు దూరదేశము పోనక్కరలేకపోయెను.

అదే కాలమున గుజరాతులో గిజుభాయి బధేకాగారు, వకీలు పని విడిచి, 1920లో భావనగరమున బాలమందిరము ప్రారంభించిరి. ఆయన దివాస్వప్నము తెలుగులో పగటికల పేరున వచ్చినది. మన ఉపాధ్యాయులలో చదివినవారు కలరు. అందులోని క్రొత్త పంతులు తరగతిని అదుపుచేయలేక ఓడిపోయి, మరునాడు కథతో మొదలుపెట్టును. అల్లరిమూక చెవులు నిక్కపొడుచుకొనును. కథల రుచి మరిగిన తరువాత వాడు కథల పుస్తకములను వారి మధ్య ఉంచును. చదువుకొమ్మని చెప్పవలసిన పని యుండదు. ఇది కల్పితకథయే యైనను దాని వెనుక బాలమందిరపు అనుభవమున్నది.

ఇదంతయు చదివిన తరువాత మాకు మన స్వంత చరిత్రలో ఒక వింత కనబడెను. మన పల్లె ఉపదేశి ఆదివారము ఏమి చేసెను? సండే స్కూలులో పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని, దావీదు వడిసెల త్రిప్పినట్లు చేయి త్రిప్పుచు, కథ చెప్పెను. మధ్యలో ఆగి, "తరువాత ఏమైనదో చెప్పండి చూతము" అనెను. పిల్లలచేత మరల చెప్పించెను. క్రిస్మసునాడు దానినే నాటకము వేయించెను, బుర్రకథ కట్టించెను. సోమవారము అదే మనుష్యుడు, అదే పాకలో, అదే పిల్లలయెదుట బెత్తము పట్టుకొని "క గుణింతము చెప్పండి" అనెను. కథాబోధన ఎట్లు చేయవలెనో ఆయనకు తెలియును, చక్కగా తెలియును. కాని అది బడి కాదని ఆయనకు ఎవరో నేర్పిరి. మోగావారు కనుగొన్నది మన ఉపదేశి జేబులోనే ఉండెను. ఆ పల్లెలకైతే కథ క్రొత్తదా? చిందు భాగోతము, జాంబపురాణము రాత్రులకు రాత్రులు కూర్చుండి విని, మరునాడు నాట్లు వేయుచు చర్చించుకొనిన జనము అది. వినికిడిలో ఇంత పండితులైన ఇండ్ల బిడ్డలను బడి మొద్దులని వ్రాసికొనెను.

అందరు పంతుళ్ళు అట్లున్నారనుట అన్యాయమగును. మా తండ్రిగారి తరమువారైన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు కలరు. ఏకోపాధ్యాయ పాఠశాలలో దీర్ఘకాలము పనిచేసిరి. వారియింటి అరుగుమీద రెండు సాయంకాలములు కూర్చుండి వారి పద్ధతిని వింటిమి. వారికి మోగా పేరు తెలియదు. అయిదు తరగతులు ఒకే గదిలో ఉండుటచేత కథ చెప్పితేనే గాని అందరును ఒక్కసారి ఊరకుండరని మొదలుపెట్టిరట. వారు చెప్పిన ఉదాహరణమును మా మాటలలో వ్రాయుచున్నాము.

ఒక కుమ్మరివాని గాడిద తప్పిపోయినది. వాడు వెదకుచు వాగు ఒడ్డునకు వచ్చినాడు. నీళ్ళకు ఆవలనున్న పొడి బండమీద తడి గుర్తులు చూచి, పంచె ఎగగట్టి వాగులో దిగినాడు. ఇక్కడ పంతులుగారు కథ ఆపివేయుదురు. "మిగతాది రేపు." పిల్లలు లబలబలాడుదురు. మరునాడు ముందు రోజు కథను పిల్లలచేతనే చెప్పించి, వారి నోటినుండి వచ్చిన అయిదారు వాక్యములను వారు చెప్పినట్లే బల్లమీద వ్రాయుదురు. గాడిద తప్పిపోయింది. కుమ్మరి వాగుకాడికొచ్చాడు. ఒకటవ తరగతివాడు వాగు అను మాటను గుర్తుపట్టును. ఆ మాట చెప్పినవాడు తానే గదా. దానిలోని 'వా' తీసి వాన, వాకిలి చూపుదురు. రెండు మూడు తరగతులవారు ఆ వాక్యములను చదివి, తరువాతి వాక్యము తామే కట్టుదురు. నాలుగు అయిదు తరగతులవారికి ప్రశ్న వేరు: "గాడిద వాగు దాటిందని కుమ్మరికి ఎట్లా తెలిసింది?" దీనికి జవాబు కథలో ఏ ఒక్క వాక్యములోను లేదు. తడి గుర్తులు, పొడి బండ, ఆవలి ఒడ్డు, ఈ మూడింటిని బిడ్డ తన మనస్సులో కలుపవలెను. "ఇంకొకటండీ," అని వారు నవ్విరి, "ఒకడు లేచి, ఎండకి తడి ఆరిపోలేదంటే గాడిద ఇప్పుడే ఎల్లిందండీ పంతులుగారూ అన్నాడు. నాకే తట్టలేదు అయ్యగారూ."

ఆ మాట వినినప్పుడు మాకు మన మేకల పిల్లవాడు జ్ఞప్తికి వచ్చెను. గ్రహింపు అనగా ఇదియే. వాక్యములో ఉన్నదానిని మరల చెప్పుట కాదు. వాక్యములో లేనిదానిని వాక్యమునుబట్టి కనుగొనుట. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి మాత్రము ఆ బల్లమీది వాడుకమాటలు చూచి, పాఠ్యప్రణాళిక జరుగుటలేదని పుస్తకములో వ్రాసి పోయెనట. ఆ యేడు పంతులుగారికి ఇంక్రిమెంటు ఆగినది. చెప్పునప్పుడు వారి కంఠములో కోపము లేదు.

పండితులు తరువాత చెప్పినది ఈ పంతులుగారి పనిని సమర్థించుచున్నది. 1986లో గఫ్, టన్మర్ అను ఇరువురు పరిశోధకులు ఒక సులభసూత్రము ప్రతిపాదించిరి. చదివి గ్రహించుట యనునది రెండింటి లబ్ధము: అక్షరములను మాటగా మార్చు శక్తి ఒకటి, మాటను విని గ్రహించు శక్తి రెండవది. కూడిక కాదు, గుణకారము. ఒకటి సున్న యైనచో లబ్ధము సున్న. మన వీధిబడి మొదటిదానిని మాత్రమే పెంచెను. కథ రెండవదానిని పెంచును. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. కథ మీది ప్రేమచేత అక్షరమును నిర్లక్ష్యము చేయువారును కలరు. మన లిపిలో గుణింతములు, వత్తులు కలిసి వందలాది రూపములగును. కన్నడములో జరిగిన పరిశోధనలనుబట్టి చూచినను ఇట్టి లిపులను పూర్తిగా వశపరచుకొనుటకు బిడ్డకు మూడు నాలుగేండ్లు పట్టును. వానిని క్రమముగా, ఓర్పుతో నేర్పవలసినదే. కథ వినిన మాత్రమున అక్షరము రాదు. మా పంతులుగారు 'వా' విడదీసి చూపుట మరువలేదు గదా.

నేటి సంగతి ఒకింత. 2005నుండి ప్రథమ్ సంస్థవారు అసర్ పేరున గ్రామీణ భారతమున ఇంటింట పిల్లల చదువును పరీక్షించుచున్నారు. రెండవ తరగతి స్థాయి పాఠమును చదువగలిగిన అయిదవ తరగతి పిల్లలు 2022లో నూటికి 42.8 మంది, 2024లో 48.8 మంది. ఆ పరీక్షలో అక్షరము, మాట, పేరా అను మెట్లు దాటిన తరువాత పై మెట్టునకు వారు పెట్టిన పేరు కథ. పేరు చూచి మేము సంతోషించితిమి. అయితే అందులోను ముఖ్యముగా చూచునది గట్టిగా చదువుటనే. అనగా ఆ 48.8లో మన ఆదివారపు పిల్లవాడును లెక్కకు వచ్చును. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము నిపుణ్ భారత్ ప్రారంభించి, మూడవ తరగతి ముగియునాటికి బిడ్డ గ్రహింపుతో చదువవలెనని లక్ష్యముంచెను. 'గ్రహింపుతో' అను మాట ప్రభుత్వ పత్రములో చేరుటకు కాంప్‌బెల్ నివేదికనుండి సుమారు రెండువందల యేండ్లు పట్టినది.

మా ప్రయత్నమును గూర్చి వ్రాయకున్నచో ఇతరుల తప్పులు మాత్రమే ఎంచినవారమగుదుము. ఆ ఆదివారము తరువాత మేము మందిరపు వరండాలో సాయంకాలపు తరగతి పెట్టితిమి. ఇరువది మూడుగురు పిల్లలు వచ్చిరి. కథలు చెప్పితిమి, కాని ఆరు నెలలు వృథా చేసితిమి. కారణము మాలోని పాస్టరు. ప్రతి కథ చివరను "దీనివలన మనము ఏమి నేర్చుకొనుచున్నాము?" అని అడుగుట మాకు రక్తములో ఉన్నది. పిల్లలు గడుసువారు. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడును ఒకటేనని వారమునకే పసికట్టిరి. అబద్ధమాడరాదు, పెద్దల మాట వినవలెను, దేవుని నమ్మవలెను. ఒకనాడు కాకి కథ మొదలుపెట్టి రెండు వాక్యములైనను కాకమునుపే ఒక చిన్నది చేయి పైకెత్తి, "దేవుడ్ని నమ్మాలండీ" అనెను. అది కథ వినుట మానివేసి చాలదినములైనదని మాకు అప్పుడు తెలిసెను. వీధిబడి పంతులు పద్యము కంఠస్థము చేయించెను. మేము నీతి కంఠస్థము చేయించితిమి. భేదమేమి?

ఆనాటినుండి ఆ ప్రశ్న మానితిమి. వాక్యసేవలో మానలేదు, వరండాలో మానితిమి. దానికి బదులు, అతడు అట్లు ఎందుకు చేసెను, నీవైతే ఏమి చేయుదువు, ఇది ఎక్కడ వ్రాసియున్నది చూపుము అని అడిగితిమి. వారములో రెండు రోజులు చెప్పిన కథనే పుస్తకములో వెదకి చదువుట, ఒక రోజు ఎన్నడును వినని కథను తమంతట తాము చదివి ప్రక్కవానికి చెప్పుట. పుస్తకములు చాలనప్పుడు పాత కాలెండరు కాగితముల వెనుకవైపు పిల్లలే వ్రాసి కుట్టిరి. రెండేండ్లు గడచునప్పటికి ఇరువది మూడుగురిలో పదునాలుగురు క్రొత్త కథ చదివి, వ్రాసియుండని సంగతిని ఊహించి చెప్పగలిగిరి. నలుగురికి అక్షరములే కుదురలేదు. అయిదుగురు మిరపకోతలకు తల్లిదండ్రులతో వలసపోయి మరల రాలేదు.

ఆ కాకి కథ నాటి చిన్నది ఒకనాడు పుస్తకమును ఇంటికి తీసికొనిపోయి తన అవ్వకు చదివి వినిపించెను. అవ్వకు అక్షరము రాదు. మరునాడు అది కోపముగా వచ్చి పుస్తకమును మా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ఇది తప్పంటండీ. మా అవ్వ చెప్పింది. కుందేలు బావిలోకి చూపించలేదంట, ముందు తనే తొంగి చూసిందంట, ఎందుకంటే నీళ్ళుంటేనే గదండీ సింహం నీడ కనపడేది" అనెను. మేము ఆ అవ్వను చూడబోతిమి. ఆమె చేటలో బియ్యము చెరుగుచు, "పుస్తకాలోళ్ళకి బావులు తెలవవులే అయ్యగారూ" అని నవ్వెను. అవ్వ చెప్పిన కథను ఆ చిన్నది వ్రాసినది. మొత్తము ముప్పది యొక్క చేతివ్రాత పుస్తకములైనవి. వాటిని మందిరపు బీరువా క్రింది అరలో, జ్ఞానస్నాన పట్టికల ప్రక్కన ఉంచితిమి. మేము ఆ పాస్టరేటు విడిచి బదిలీయైన తరువాత రెండింటిని చెదలు తినివేసినవని, మిగిలినవి భద్రముగా నున్నవని ప్రస్తుత గురువుగారు ఉత్తరము వ్రాసిరి. అవ్వ కథ ఆ రెండింటిలో లేదట.